బల్ల దగ్గరి మాటలు

ఏప్రిల్ 4

వదిన గారికి,

పాప సంచి పై జేబులో ఈ ఉత్తరం పెట్టాను. మీ చేతికి వచ్చేసరికి నేను బస్సులో ఉంటాను. ఎదురుగా చెబితే మీరు మధ్యలో ఆపుతారు, నేను ఆగిపోతాను. ఫోనులోనూ అంతే.

ల్యాబ్ వాళ్ళు చెరువుల నీళ్ళు, బోరు నీళ్ళు పరీక్షించడానికి నన్ను మూడు వారాలు ఊళ్ళ మీదికి పంపుతున్నారు. నాలుగేళ్ళ పిల్లను వెంట తిప్పలేను. కింది ఇంటి దర్జీ ఆవిడ పగలైతే చూస్తానంది. రాత్రి కుదరదంది. మీ చెల్లెలు పోయాక ఇంట్లో ఇంకెవరూ లేరు. లేకపోతే మిమ్మల్ని అడిగేవాణ్ణి కాదు.

పాపకు బాగా వినపడుతుంది. చెప్పింది అర్థమవుతుంది. తను ఏమనాలో తనకు తెలుసు. ఆ మాటకు పెదవి, నాలుక, దవడ ఏ వరసలో కదలాలో ఆ వరస నోటికి అందదు. దీన్ని అప్రాక్సియా అంటారని మీకు ముందే చెప్పాను. ఇది బద్ధకం కాదు. మొండితనం కాదు. ఇవాళ చక్కగా వచ్చిన మాట రేపు రాకపోవచ్చు. దాని తీరే అది.

బంతి, పాలు లాంటి చిన్న మాటలు కొన్ని ఇప్పుడు వస్తున్నాయి. సాధన కొద్దిసేపే, రోజుకు నాలుగైదుసార్లు. ఎదురుగా, మీ నోరు పాపకు కనిపించేలా కూర్చోండి. ముందు మీరు నెమ్మదిగా అనండి. తర్వాత ఇద్దరూ కలిసి. తర్వాత మీరు శబ్దం లేకుండా పెదవులు మాత్రం కదపండి, పాప అంటుంది. చివరికి పాప ఒక్కతే. 'బ' దగ్గర తడబడితే వేలితో రెండు పెదవులూ కలిపి చూపండి.

బొమ్మల పుస్తకం పాప దగ్గరే ఉండాలి. దాహం, నొప్పి, బాత్రూమ్, అన్నీ అందులో వేలు పెట్టి చూపిస్తుంది. దానివల్ల మాట రాకుండా పోదు. పాపకు మాటలు నేర్పే థెరపిస్టు ఈ విషయం నాకు రెండుసార్లు చెప్పింది.

ఇట్లు
మీ మరిది


ఏప్రిల్ 15

మరిది గారికి,

మీ ఉత్తరం చదివాను. అది ఉత్తరంలా లేదు, కొత్త మిక్సీతో పాటు డబ్బాలో వచ్చే కాగితంలా ఉంది. ఇలా చేయండి, అలా చేయకండి. పిల్ల జాగ్రత్త అని ఒక్క ముక్క లేదు. 'మీరెలా ఉన్నారు' అని అడుగుతారని ఆశించడం మానేసి ఏళ్ళయింది.

అయినా మీరు చెప్పినట్టే చేశాను. మొదటి రెండు రోజులూ. ఎదురుగా కూర్చుని 'బం... తి' అన్నాను. మన బుడంకాయ నా నోటి వంక చూసింది, పళ్ళ వంక చూసింది, లోపల ఇంకా ఏముందో అని వంగి మరీ చూసింది. మాట మాత్రం లేదు. పాలూ లేవు, బంతీ లేదు. వచ్చాయన్న మాటలు ఎక్కడ మరిది గారూ? మీ అన్నయ్య పేపరు మడిచి, "బస్సులో జారిపోయాయేమో, డిపోలో ఓసారి అడక్కపోయావా" అన్నారు. నవ్వొచ్చింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నేను ఒకటో తరగతి చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నోరు తెరవని పిల్లలు నాకు కొత్త కాదు. మీ కాగితం పక్కన పెట్టి నా పద్ధతిలోకి దిగాను. బెలూన్లు ఊదించాను. అద్దం ముందు నాలుక సాగదీయించాను. పక్కింటి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి అందరిచేతా గట్టిగా చెప్పించి, బుడంకాయని ముందు నిలబెట్టాను. బొమ్మల పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. వేలు పెడితే పని జరిగే చోట నోరెవరు తెరుస్తారు? బంతి బీరువా మీద పెట్టాను. "అడుగు, ఇస్తాను" అన్నాను.

అంది! శనివారం, గదిలో అందరం ఉండగా, 'బంతి' అని గంట కొట్టినట్టు అంది. మీ అన్నయ్య సాక్షి. వెంటనే దించి ఇచ్చాను, ఎత్తుకుని తిప్పాను. మర్నాడు మళ్ళీ పైన పెడితే నోరు విప్పదు. నిన్న వచ్చిన మాట ఇవాళ ఎటు పోతుంది? ఇది మొండితనం కాకపోతే ఏమిటి? ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు.

బంతి ఇంకా పైనే ఉంది. ఒక్కటి మాత్రం నయం. చెయ్యి చూపించి అరవడం మానేసింది. బంతి వంక చూడడమే లేదు. అల్లరి తగ్గింది. ఓ మూల బుద్ధిగా కూర్చుంటోంది.

మీ వదిన


ఏప్రిల్ 18

వదిన గారికి,

పని మధ్యలో వదిలి వస్తున్నాను. ఇరవయ్యో తారీకు పొద్దున దిగుతాను. పాప బట్టలు సర్ది ఉంచండి.

ఈ ఉత్తరం అందగానే బీరువా తాళం తీసి పుస్తకం పాప చేతికివ్వండి. బంతి దించండి. పాప ఏమీ అడగకుండానే దించండి.

మరిది


ఏప్రిల్ 28

మరిది గారికి,

నా గుమ్మంలో నిలబడి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోయారు. వీధి వీధంతా చూసింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు కూడా ఓ అబద్ధమైనా చెప్పి ఎత్తుకుపోతారు. మీరు అదీ చెప్పలేదు. "చెప్పులు" అన్నారంతే. దాని చెప్పులు నేనే వెతికి తెచ్చాను.

మీ థెరపిస్టుకి ఫోన్ చేశాను. పిల్లకి పెద్దమ్మనని చెప్పినా, "తండ్రిగారి అనుమతి లేకుండా నేనేమీ చెప్పకూడదండీ" అంది. నాకు అర్థం కాలేదనుకున్నారా? ముందుగానే నూరిపోశారన్నమాట.

సరే, ఇప్పుడు నేను చెప్పేది వినండి. మా బళ్ళో బుడంకాయకి సీటు తీసుకున్నాను. జూన్ పన్నెండున బడి తెరుస్తారు. మా నాన్నతో మాట్లాడాను. ఆయన కూడా సరేనన్నారు. పన్నెండు పొద్దున్నే నేనూ నాన్నా వచ్చి పిల్లని తీసుకెళ్తాం. మా ఇంట్లో పెరుగుతుంది. మీరు ఎప్పుడు చూడాలనుకుంటే అప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడవచ్చు.

ఎందుకని అడగరు కాబట్టి నేనే చెబుతాను. ఆ ఇంట్లో మాట ఎక్కడుంది? పిల్లకి నోరు పెగలదు, తండ్రికి నోరుండీ లేదు. గోడలు చూసి నేర్చుకోవాలా అది?

మీ భార్యకి అక్క


మే 6

వదిన గారికి,

థెరపిస్టుకు నేనేమీ చెప్పలేదు. ఎవరు ఫోన్ చేసినా ఆమె అదే చెబుతుంది. అది ఆమె వృత్తి నియమం.

బెలూన్లు ఊదితే మాట రాదు. పాప కండరాల్లో బలం తక్కువ కాదు. ఊదడం ఒక కదలిక, మాట ఇంకో కదలిక. ఇది కూడా నేను రాసి ఉండాల్సింది. రాస్తే చదివేవారు కాదు.

మీ ఇంటి నుంచి వచ్చాక పాప వారం రోజులు నోరు తెరవలేదు. పుస్తకం కూడా ముట్టుకోలేదు. నేను నాలుగు నెలలు కూర్చుని తెచ్చిన మాటలు మీరు రెండు వారాల్లో పోగొట్టారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి చెప్పించడం మీ వృత్తి. పాప మీ వరసలో పిల్ల కాదు.

పాపకు రెండేళ్ళు నిండగానే మీ చెల్లెలు అనుమానపడింది. మిమ్మల్ని అడిగింది. "మనింట్లో అందరూ ఆలస్యంగానే మాట్లాడారు, కంగారుపడకు, ఆగు" అన్నారు మీరు. ఆగింది. అన్నిటికన్నా విలువైన ఏడాది అలా పోయింది. ఆ ఏడాది గురించి మీకు బాధ ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే జూన్ పన్నెండున రాకండి.

మామయ్య గారికి నమస్కారాలు.

మరిది


మే 11

నీకు,

ఇక మీరూ గారూ లేవు. అవి మనుషులకి.

ఆ ఏడాది నా చెల్లెలు మంచం దిగిందా? కూతుర్ని ఒళ్ళోకి తీసుకోవడానికే ఓపిక లేని మనిషి ఏ డాక్టరు దగ్గరికి పరిగెత్తేది? ఆగు అన్నాను, అబద్ధమాడను. అది చావుబతుకుల్లో ఉండి అడిగితే ఇంకేమనాలి? నీ కూతురికి మాట రాదే అని చెప్పాలా?

అది ముందు అడిగింది నన్ను కాదు, నిన్ను. ఆస్పత్రిలో నాతో అంది. "ఆయన్ని పాపని చూపించమన్నానక్కా. ముందు నువ్వు లేవు, తర్వాత చూద్దాం అన్నారు." నింద వేస్తూ అనలేదు. "ఆయన మాత్రం ఎంతమందిని మోస్తారు" అని నిన్నే వెనకేసుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మాట నా దగ్గరే ఉంచాను. నీ చెవిన వేయకూడదనే అనుకున్నాను. ఇదిగో, ఇప్పుడు తీసుకో.

అది ఉన్నప్పుడు ఆ ఇంట్లో మాటలన్నీ దానివే. వంటింట్లోంచి ఒకటి, పెరట్లోంచి ఒకటి, తలుపు వేసుకుంటే తలుపు వెనకనుంచి ఒకటి. నువ్వు ఊఁ కొట్టేవాడివి. అది పోయాక ఊఁ కొట్టే పని కూడా లేకుండా పోయింది నీకు. పిల్ల ఏం వింటోంది ఆ ఇంట్లో? కుళాయి చప్పుడా?

ఉత్తరాలు చాలు. పన్నెండున వస్తున్నాం.

దాని అక్క


మే 24

వదిన గారికి,

మీ ఉత్తరంలో మొదటి సగం రెండుసార్లు చదివాను.

థెరపిస్టు మిమ్మల్ని చూడాలంటోంది. "పాప వాళ్ళింట్లో కూడా ఉంటుంది కదా సార్, ఆవిడకి తెలియకపోతే ఎలా?" అంది. ఇక ఉండదని చెప్పాను. అయినా రమ్మనండి అంది. అనుమతి కాగితం మీద సంతకం పెట్టాను.

జూన్ 5, పొద్దున పదింటికి. సెషన్ మొత్తం కూర్చోండి. పాపకు ఏమొచ్చో, ఏం రాదో చూడండి. అప్పుడు కూడా తీసుకెళ్ళాలనిపిస్తే నా ముఖం మీదే చెప్పండి. మామయ్య గారిని మధ్యలోకి లాగవద్దు. ఆయన కూతురు పోయి ఎంతో కాలం కాలేదు.

మరిది


జూన్ 7

మరిదికి,

నా కూతురిలాంటి చెల్లెలు కూడా పోయి ఎంతో కాలం కాలేదు. ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. పోనీ.

చూశాను. నేను చూసింది నీకు చెబుతాను, ఎందుకంటే నువ్వు అక్కడే ఉన్నావు కానీ బూట్ల వంకే చూస్తూ కూర్చున్నావు.

ఆ థెరపిస్టు ఇంత చిన్నపిల్ల అనుకోలేదు. జడలో పెన్సిల్ గుచ్చుకుంది. చాప మీద చతికిలబడి, చిన్న బల్ల లాక్కుని, బుడంకాయ కళ్ళకి సరిగ్గా తన నోరు ఎదురుగా ఉండేలా వంగింది. ఇద్దరూ కలిసి అన్నారు. తర్వాత ఆ అమ్మాయి పెదవులు మాత్రం కదిపింది. తర్వాత మన పిల్ల ఒక్కతే. బంతి. బంతి. బంతి. మూడుసార్లు, మూడూ ఒకేలా. అంటే మాటలు ఉన్నాయి. నువ్వు నాకు అబద్ధం రాయలేదు. నా ఇంట్లో ఒక్కసారి తప్ప రాని మాట ఇక్కడ వరసగా వచ్చేసరికి ఏమనుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చాను. నిజంగా నేనే పోగొట్టానా అనుకున్నాను.

తర్వాత ఆ అమ్మాయి అదే బంతి తీసుకుని మెట్ల దగ్గరికి నడిచింది. "పాపా, ఇదేంటి?" అంది. బుడంకాయ నోరు గట్టున పడ్డ చేపపిల్ల నోరులా తెరుచుకుంది, మూసుకుంది. మాట లేదు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి నిన్ను అడిగింది. గుర్తుందా?

"సార్, ఇంట్లో ఎక్కడ చేయిస్తారు?"

"బల్ల దగ్గర."

"ఎప్పుడూ అక్కడేనా?"

"అదే టైము, అదే కుర్చీ. వేరే శబ్దం ఉండనివ్వను. పరిస్థితులు మారకుండా ఉంటేనే కదా ఫలితం తేలేది."

"సార్, అది మీ నీళ్ళకి. పాపకి బంతి అనే మాట బల్ల దగ్గర ఎందుకు? బంతి ఎక్కడ దొర్లితే అక్కడ కావాలి. బల్ల కాకుండా ఇంకెక్కడైనా ఆ మాట అంటుందా?"

నువ్వు ఆలోచించావు. "గమనించలేదు" అన్నావు.

"మామూలప్పుడు పాపతో ఏం మాట్లాడతారు సార్?"

అప్పుడు మొదలుపెట్టావు బూట్లు చూడడం.

అదీ సంగతి. ఆ మాటల్ని నేను పోగొట్టలేదు. నువ్వు వాటిని బల్లకి మేకులేసి కొట్టావు. నాలుగు నెలలు నీ కూతురు బల్ల దాటి ఒక్క మాట అనలేదని నీకు తెలియదు. ఎందుకంటే బల్ల దాటాక నువ్వు దానితో ఒక్క మాట అనలేదు. ఇది తలుచుకుని వారం రోజులు సంతోషిద్దామనుకున్నాను. ఆ అమ్మాయి ఆ అవకాశమివ్వలేదు. వెంటనే నా వైపు తిరిగింది.

"అమ్మా, మీరు బంతి పైన పెట్టారట కదా. కాలు విరిగిన పిల్లకి నడిచొస్తేనే అన్నం పెడతానంటామా?"

నేను టీచర్ని అని చెప్పబోయి ఊరుకున్నాను.

సెషన్ అయ్యాక నువ్వు టైము రాయించుకోవడానికి లోపలికి వెళ్ళావు. వరండాలో నీలం కుర్చీల మీద నేనూ బుడంకాయా. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? దాని చేతిలో బంతి ఉంది కదా అని, "ఏదీ, పెద్దమ్మకి ఒక్కసారి చెప్పు. బంతి. అను" అన్నాను. అది నా మోకాలి మీద చెయ్యి వేసి తోసింది. "వద్దు" అంది. స్పష్టంగా. బల్ల లేదు, నువ్వు లేవు, అద్దం లేదు. మళ్ళీ అంది. "వద్దు." తలుపు దగ్గర నిలబడ్డ ఆ థెరపిస్టు చప్పట్లు కొట్టింది. నన్ను తోసేసిన మాటకి చప్పట్లు! ఆ అమ్మాయి వెనకే బయటికొచ్చి నువ్వూ విన్నావు. నీ మొహంలో నేను నవ్వు చూసి రెండేళ్ళయింది. అదీ నన్ను వద్దన్నందుకు.

బస్సులో ఇంటికి వచ్చేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను. నాన్నకి చెప్పాను. సీటు వద్దని బళ్ళో చెప్పేశాను. పన్నెండున రావడం లేదు.

నిన్ను చూసి జాలిపడి కాదు. ఆ పిల్ల మొదటిసారి నోటితో వద్దంది. అన్నాక కూడా చెయ్యి పట్టి లాక్కెళితే, ఇంక ఆ మాటతో దానికేం పని? మళ్ళీ ఎందుకు నోరు తెరుస్తుంది?

ఒక్కటి అడుగుతాను. ఆ రోజు సెషన్‌కి వెళ్ళేముందు మీ ఇంట్లో అరగంట కూర్చున్నాను కదా. ఆ బల్ల దగ్గర రెండు కుర్చీలే ఉన్నాయి. మూడోది ఎక్కడ పెట్టావు?

పెద్దమ్మ


జూన్ 19

వదిన గారికి,

మూడో కుర్చీ అటక మీద ఉంది. దించను.

సాధన ఇప్పుడు బల్ల దగ్గర చేయడం లేదు. మెట్ల మీద, కుళాయి దగ్గర, బస్ స్టాపులో. ఒకరోజు ల్యాబ్‌కు తీసుకెళ్ళాను. థెరపిస్టు చెప్పిన ఇంకో పని, నేను మాట్లాడుతూ ఉండాలి. పాప తిరిగి అనాలని కాదు, వినాలని. అలవాటు లేదు. చెప్పులు వేసుకుంటూ 'చెప్పులు వేసుకుంటున్నాను' అంటున్నాను. తాళం వేస్తూ 'తాళం' అంటున్నాను. దర్జీ ఆవిడ తలుపు తీసి, "ఎవరితో సార్?" అని అడిగింది. పాపతో అన్నాను. "ఓహో" అని లోపలికి వెళ్ళింది. నమ్మినట్టు లేదు.

మీ చెల్లెలు ఆస్పత్రిలో అన్న మాట నిజం. ముందు నువ్వు లేవు అన్నాను. లేస్తుందనుకున్నాను.

ఇప్పుడు మీకు రాయాల్సింది రాస్తాను. మీ ఉత్తరం అందినప్పటినుంచి రాయకుండా ఉన్నాను.

మొదటిది. ఆ రోజు వరండాలో పాప వద్దన్నది మిమ్మల్ని కాదు. 'అను' అన్నందుకు వద్దంది. మర్నాడు నేను బల్ల దగ్గరికి పిలిస్తే నాకూ అదే చెప్పింది, అలాగే తోసింది. మీరు తప్పుగా అర్థం చేసుకున్నారని మీ ఉత్తరం చదవగానే తెలిసింది. దానివల్ల పాప నా దగ్గర ఉంటుందని ఊరుకున్నాను.

రెండోది. నిన్న సాయంత్రం పాప కిటికీ ఊచలు పట్టుకుని బస్ స్టాపు వైపు చూస్తోంది. ఏదో అంది. నాకు అర్థం కాలేదు. పుస్తకం తెచ్చి ఇచ్చాను. పక్కకు నెట్టేసింది. నా గడ్డం పట్టుకుని, నా ముఖం తన వైపు తిప్పుకుని, తన నోరు నాకు కనపడేలా పెట్టి మళ్ళీ నెమ్మదిగా అంది. నాకు సాధన చేయిస్తున్నట్టు. 'పె... మ్మ.' కాస్త ఆగి, 'రా.'

రెండు మాటలు కలిపి అనడం ఇదే మొదటిసారి. పెద్దమ్మ అనే మాట నేనెప్పుడూ చేయించలేదు.

మీరు రావాలని నాకు లేదు. మీరు వస్తే ఇల్లు సర్దుతారు, అటక వైపు చూస్తారు, నాకు చెప్పాల్సినవన్నీ చెబుతారు. కానీ రమ్మన్నది నేను కాదు. పాప వద్దంటే మీరు ఆగిపోయారు. పాప మిమ్మల్ని రమ్మన్నాక నేను మీకు చెప్పకుండా ఉంటే, మాటతో పని జరగదని పాప అనుకుంటుంది.

శనివారం పదింటి బస్సుకు రండి. పాపా నేనూ స్టాపులో ఉంటాం. నాతో మాట్లాడనక్కర్లేదు.

మరిది